పప్పు మెత్తగా ఉడికితేనే బిడ్డకు పుష్టి



"సిస్టరమ్మా, రోజూ పప్పు పెడుతూనే ఉన్నాం. బిడ్డ ఎందుకు తేరుకోవడం లేదు?" పిల్లల వార్డుకు వచ్చే తల్లులు అడిగే ప్రశ్నల్లో ఇది ఒకటి. దీనికి జవాబు ఒక్కటి కాదు. పెట్టేది చాలకపోవచ్చు. మలేరియా జ్వరం మాటిమాటికీ వస్తూ ఉండవచ్చు. విరేచనాలు, కడుపులో పాములు ఉండవచ్చు. వీటన్నిటి గురించి మేము వార్డుల్లోనూ ఊళ్లల్లోనూ చెబుతూనే ఉంటాం. అయితే చాలామందికి తెలియని కారణం ఇంకొకటి ఉంది. అది గింజలోనే ఉంది.

పప్పుధాన్యాల్లో మన శరీరానికి కావలసిన మాంసకృత్తులు సమృద్ధిగా ఉన్నాయి. వాటితోపాటు, ఆ మాంసకృత్తులను జీర్ణం కానివ్వకుండా అడ్డుపడే పదార్థాలు కూడా అదే గింజలో ఉన్నాయి. వీటిని ట్రిప్సిన్ నిరోధకాలు అంటారు. ఇది విని పప్పు మానెయ్యాలని ఎవరూ అనుకోవద్దు. ఈ నిరోధకాలను తొలగించడానికి మందు అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. నానబెట్టడానికి నీళ్లు, ఉడకబెట్టడానికి నిప్పు, కాస్త ఓపిక ఉంటే చాలు. ఎందుకు, ఎలా అన్నది తెలిస్తే ఆ ఓపిక కలుగుతుందనే ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాం.

గింజలో ఈ పదార్థం ఎందుకుంది?

గింజ అంటే మొక్కకు బిడ్డ. తల్లి మొక్క ఆ బిడ్డకు కొంత ఆహారం మూటకట్టి ఇస్తుంది. గింజ నేలలో పడి, వాన కురిసి, మొలకెత్తి, సొంతగా ఆకు వేసేవరకు ఆ మూటే దానికి ఆధారం. ఆ మూటలో ఉన్నవి ముఖ్యంగా పిండిపదార్థం, మాంసకృత్తులు, కొన్ని గింజల్లో నూనె. ఇంత మంచి ఆహారం ఒకచోట ఉంటే పురుగులు, ఎలుకలు, పక్షులు ఊరుకుంటాయా? మొక్క పారిపోలేదు, కర్ర పట్టుకుని తరమలేదు. అందుకని తినేవాడి కడుపులో పనిచేసే రక్షణను గింజలోనే పెట్టుకుంది.

పురుగైనా, మనిషైనా మాంసకృత్తులను ఉన్నవి ఉన్నట్లుగా ఒంటికి పట్టించుకోలేరు. వాటిని ముందు చిన్న ముక్కలుగా కత్తిరించాలి. ఆ పని చేసేవి జీర్ణరసాల్లోని ఎంజైములు. గింజలోని నిరోధకం ఆ ఎంజైముకు సరిగ్గా అతుక్కుని, దాన్ని పనిచేయనివ్వదు. కత్తెర రెండు రెక్కల మధ్య గట్టి పుల్ల ఇరుక్కుంటే కత్తెర ఎలా కదలదో, ఇదీ అలాగే. పురుగు కడుపు నిండా తిన్నా ఒంటికి పట్టదు, ఎదగదు.

ఈ రక్షణ గింజలోనే కాదు, కొన్ని మొక్కల ఆకుల్లో కూడా అవసరాన్ని బట్టి తయారవుతుంది. 1972లో అమెరికాలో గ్రీన్, రయాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు టమాటా, బంగాళాదుంప మొక్కల మీద దీన్ని చూపించారు. పురుగు ఒక ఆకును కొరికితే, ఆ ఆకులోనే కాక కొరకని ఆకుల్లో కూడా నిరోధకం పెరిగింది. ఒకచోట దెబ్బ తగిలితే మొక్క ఒళ్లంతా జాగ్రత్తపడుతుందన్నమాట.

మన రాష్ట్రాల్లో పండే పప్పుల మీద కూడా పరిశోధనలు జరిగాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కంది, మినుము గింజల నుంచి ఈ నిరోధకాలను వేరుచేసి, అవి గొంగళి పురుగుల కడుపులోని ఎంజైములను అడ్డుకుంటాయని చూపించారు. ఆ ఫలితాలు 2009, 2010 సంవత్సరాల్లో వెలువడ్డాయి. అంతకుముందే, 1987లో, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయం వారు బొబ్బర్లలోని నిరోధకానికి చెందిన జన్యువును పొగాకు మొక్కలో ప్రవేశపెట్టారు. ఆ పొగాకును తిన్న పురుగులు సరిగా ఎదగలేదు.

అయితే మన ఇంట్లో దాచిన పప్పులు ఎందుకు పుచ్చిపోతున్నాయి అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. పప్పుల్ని తొలిచే చిన్న పెంకుపురుగులు మాంసకృత్తులను అరిగించుకోవడానికి ట్రిప్సిన్ మీద ఎక్కువగా ఆధారపడవు. వేరే రకం ఎంజైములతో పని కానిస్తాయి. గింజ ఒక దారి మూస్తే ఈ పురుగు ఇంకో దారి వెతుక్కుంది. కాబట్టి గింజలను బాగా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాల్లో దాచడం మన బాధ్యతే.

ఈ నిరోధకాలకు కాపలా ఒక్కటే పని కాదు. గింజ నిద్రలో ఉన్నంతకాలం తన సొంత ఎంజైములు ముందుగానే మేలుకుని, దాచిన ఆహారాన్ని ఖర్చు చేయకుండా కూడా ఇవి తోడ్పడతాయి. పైగా నిరోధకం కూడా ఒక మాంసకృత్తే. అందులో గంధకంతో కూడిన అమైనో ఆమ్లాలు బాగా ఉంటాయి. మొలక వచ్చేటప్పుడు గింజ వాటిని విడగొట్టి మొలకకు ఆహారంగా వాడుకుంటుంది. మొలకెత్తిన గింజల్లో నిరోధకం తగ్గేది ఇందుకే.

మన కడుపులో ఏం జరుగుతుంది?

మన పొట్టలో, జీర్ణాశయం వెనుకగా, క్లోమం అనే గ్రంథి ఉంది. ఇన్సులిన్ తయారుచేసేది ఇదే. మాంసకృత్తులను కత్తిరించే ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ అనే ఎంజైములు కూడా దీనినుంచే చిన్నపేగులోకి వస్తాయి. సరిగా ఉడకని పప్పు తిన్నప్పుడు అందులోని నిరోధకం పేగులో ఈ ఎంజైములకు అతుక్కుంటుంది. అప్పుడు రెండు నష్టాలు కలుగుతాయి.

మొదటిది, పప్పులోని మాంసకృత్తులు పూర్తిగా అరగవు. కొంత భాగం మలంలో పోతుంది.

రెండవది చాలామందికి తెలియనిది. పేగులో ట్రిప్సిన్ తగ్గినట్లు కనిపించగానే శరీరం క్లోమానికి ఇంకా ఎంజైములు పంపమని కబురు చేస్తుంది. ఆ కబురు తీసుకెళ్లే హార్మోను పేరు కొలిసిస్టోకైనిన్. క్లోమం ఇంకా ఇంకా పంపుతుంది. ఎంజైములు కూడా మాంసకృత్తులే గనుక, వాటిని తయారుచేయడానికి మన ఒంట్లోని సరుకే ఖర్చవుతుంది. అందులోనూ గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు ఎక్కువగా పోతాయి. పప్పుల్లో అసలే అవి తక్కువ. అంటే పలుకు పలుకుగా ఉన్న పప్పు తిన్న బిడ్డకు రాబడి తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది.

పెద్దవాళ్లకు, రకరకాల ఆహారం దొరికేవాళ్లకు ఇది పెద్ద నష్టం కాకపోవచ్చు. గుప్పెడు అన్నం, రెండు గరిటెల పప్పుతో పూట గడిచే రెండేళ్ల బిడ్డకు మాత్రం ఆ రెండు గరిటెలే ఆధారం. అవి కూడా ఒంటికి పట్టకపోతే ఎదుగుదల ఆగిపోతుంది.

ఈ సంగతి ఎలా తెలిసింది?

1917లో అమెరికాలో ఆస్బర్న్, మెండెల్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకు సోయా గింజలు పెట్టి చూశారు. పచ్చి సోయా తిన్న ఎలుకలు సరిగా పెరగలేదు. అదే సోయాను ఉడికించి పెడితే చక్కగా పెరిగాయి. కారణం అప్పటికి తేలలేదు. 1944లో బౌమన్ అనే శాస్త్రవేత్త సోయాలోనూ చిక్కుడు జాతి గింజల్లోనూ ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థం ఉందని తెలిపారు. 1945లో రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేస్తున్న కునిట్జ్ సోయా నుంచి ఒక నిరోధకాన్ని శుద్ధమైన స్ఫటికాల రూపంలో వేరుచేశారు. బౌమన్ చూసిన రెండవ నిరోధకాన్ని ఇజ్రాయెల్ దేశపు శాస్త్రవేత్త బిర్క్ 1960ల మొదట్లో శుద్ధి చేసి వివరించారు. అందుకే గింజల్లోని ముఖ్యమైన రెండు కుటుంబాలను ఇప్పటికీ కునిట్జ్ రకం, బౌమన్-బిర్క్ రకం అని పిలుస్తారు.

ఈ రెండింటికీ వంటింట్లో తేడా ఉంది. కునిట్జ్ రకం పెద్దది, వేడికి కొంత త్వరగా లొంగుతుంది. బౌమన్-బిర్క్ రకం చిన్నది. దాన్ని ఏడు గంధకపు ముళ్లు బిగించి పట్టుకుని ఉంటాయి. కాబట్టి వేడిని ఎక్కువసేపు తట్టుకుంటుంది. ఒక పక్కతో ట్రిప్సిన్‌ను, రెండో పక్కతో కైమోట్రిప్సిన్‌ను పట్టుకోగలదు. చిక్కుళ్లు, ఉలవలు, కందులు వంటి మన పప్పుల్లో ఈ మొండి రకమే ముఖ్యమైనది. ఒక పొంగు రాగానే దించేస్తే ఇది చావదు.

పచ్చి సోయా తిన్న ఎలుకల్లో, కోడిపిల్లల్లో క్లోమం ఉబ్బి పెద్దదైంది. అయితే జంతువుల్లో కనిపించినదంతా మనిషికి అలాగే వర్తించదు. మనం భయపడవలసింది క్లోమం ఉబ్బుతుందని కాదు. బిడ్డ నోట్లోకి పోయిన మాంసకృత్తులు వృథా అవుతున్నాయని మాత్రమే.

మన చింతపల్లి రాజ్‌మా

మన చింతపల్లి కొండల్లో పండే రాజ్‌మా మైదాన ప్రాంతాల బజార్లలో మంచి పేరు తెచ్చుకుంది. ఇక్కడి చల్లదనం ఆ పంటకు సరిపోయింది. చింతపల్లిలో ఉన్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం కూడా దీని సాగుపై పనిచేసింది. చాలా కుటుంబాల్లో పంటంతా అమ్మేసి, ఇంట్లోకి ఏమీ ఉంచుకోరు. 100 గ్రాముల ఎండు రాజ్‌మాలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అంతే బియ్యంలో 7, 8 గ్రాములే. గనుక అమ్మినంత అమ్మినా, ఇంట్లోని పిల్లలకు, బాలింతలకు కొంత ఉంచుకోవాలని మేము కోరుతున్నాం.

రాజ్‌మా విషయంలో మాత్రం అదనపు జాగ్రత్త కావాలి. ఇందులో ట్రిప్సిన్ నిరోధకంతోపాటు లెక్టిన్ అనే ఇంకో పదార్థం ఉంది. ఇది ఎంజైములను అడ్డుకునే జాతిది కాదు. నేరుగా పేగు గోడకే అంటుకుని బాధ పెడుతుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వికారం, గట్టి వాంతులు, తర్వాత విరేచనాలు రావచ్చు. సాధారణంగా కొన్ని గంటల్లో తగ్గిపోతుంది కానీ, చిన్నపిల్లల ఒంట్లో నీరు ఆరిపోతే ప్రమాదం. వెంటనే ఓఆర్‌ఎస్ తాగించి ఆసుపత్రికి తీసుకురావాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. సన్నని సెగ మీద గోరువెచ్చగా చాలాసేపు ఉంచడం ఉడకబెట్టడం కాదు. 80 డిగ్రీల వరకే వేడెక్కిన రాజ్‌మా పచ్చి రాజ్‌మా కంటే 5 రెట్ల వరకు ఎక్కువ హాని చేయవచ్చని అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. నీళ్లు తెర్లుతూ మరగాలి.

మన ఊరి ఎత్తు కూడా గుర్తుపెట్టుకోవాలి. విశాఖపట్నంలో సముద్రపు ఒడ్డున నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. చింతపల్లి సముద్రమట్టానికి 800 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఇక్కడ నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఎంత మంట పెట్టినా మూతలేని కుండలో అంతకు మించి వేడెక్కదు. అందుకే మైదానంలో ఉడికే పప్పు ఇక్కడ ఇంకొంతసేపు పడుతుంది. చలికాలంలో కుండ త్వరగా చల్లారుతుంది కూడా. కుక్కరు ఉన్నవారికి ఈ ఇబ్బంది లేదు. ఆవిరిని బిగించి పట్టడం వల్ల అందులో వేడి 100 డిగ్రీలు దాటుతుంది. కుక్కరు లేనివారు కుండకు మూత పెట్టి, ఇంకా ఎక్కువసేపు మరిగించాలి.

మిగతా గింజల సంగతి

ఉలవలు: వీటిలో 100 గ్రాములకు సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. నిరోధకం కూడా బాగానే ఉంటుంది. ఉలవల్లోని బౌమన్-బిర్క్ నిరోధకాలను మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు లోతుగా పరిశీలించారు. మొలకెత్తేటప్పుడు అవి చిన్నవిగా మారతాయని వారు గమనించారు. ఉలవలను రాత్రంతా నానబెట్టి, మొలక కట్టి, తర్వాత ఉడకబెట్టడం చాలా మంచి పద్ధతి. ఉలవచారు కాచేవారు నీళ్లు వంపుకుని గింజలను పశువులకు వేసేస్తుంటారు. మెత్తగా ఉడికిన ఆ గింజల్లోనే మాంసకృత్తులున్నాయి. కొన్నిటిని మెదిపి పిల్లలకు పెట్టండి.

కందులు, బొబ్బర్లు, చిక్కుళ్లు: పొట్టు తీసి పప్పు చేస్తే నిరోధకం పోతుందని కొందరు అనుకుంటారు. పొట్టులో ఉండేది ముఖ్యంగా వగరు. నిరోధకం పప్పుబద్దలోనే ఉంటుంది. కాబట్టి పప్పైనా, గింజైనా బాగా ఉడకాలి. కొత్త కందికాయలను ఉప్పు వేసి ఉడకబెట్టి తినే మన అలవాటు మంచిది. చేలో పచ్చి గింజలు ఒలిచి గుప్పిళ్లకొద్దీ తినే పిల్లలను మాత్రం వారించండి.

చింతపిక్కలు, అడ్డపిక్కలు: కరువు రోజుల్లో మన పెద్దలను ఆదుకున్న గింజలివి. చింతపిక్కల్లో కునిట్జ్ రకం నిరోధకం ఉంది. అడ్డతీగ జాతికి చెందిన ఇతర మొక్కల గింజల్లో కూడా ఇలాంటి నిరోధకాలను కనుగొన్నారు. వీటిని వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, మళ్లీ ఉడకబెట్టి తినే పద్ధతిని పెద్దవాళ్లు పెట్టింది ఊరికే కాదు. వేయించడంలో వేడి పైన ఎక్కువగా, లోపల తక్కువగా తగులుతుంది. నీళ్లలో ఉడికితే గింజంతటికీ సమంగా చేరుతుంది. గనుక వేయించడంతోనే ఆపవద్దు.

చింతపిక్కల గురించి ఒక కొత్త సంగతి. బ్రెజిల్ దేశంలో శాస్త్రవేత్తలు ఈ పిక్కల నిరోధకాన్ని ఎలుకలకు ఇస్తే, వాటికి తొందరగా కడుపు నిండినట్లనిపించి తక్కువ తిన్నాయి. లావు తగ్గించడానికి ఇది పనికొస్తుందేమోనని వారు పరిశీలిస్తున్నారు. లావైనవారికి మేలు చేయగల ఆ గుణమే మన బక్కచిక్కిన బిడ్డకు కీడు. వాడికి ఆకలి వేయాలి, తిన్నది అరగాలి.

చోళ్లు: చోళ్లలో కూడా ఒక నిరోధకం ఉంది. అది ట్రిప్సిన్‌ను, పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమును రెండిటినీ అడ్డుకోగలదు. చోడి అంబలిని పచ్చివాసన పోయేదాకా ఉడికించాలని చెప్పేది ఇందుకు కూడా. చోళ్లను మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తే ఇంకా మేలు. ఆ పిండిని జావకాచి పెట్టాలి కానీ వేడినీళ్లలో కలిపి ఇవ్వకూడదు. సోయాపిండి కలిపే ఇళ్లలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

పాపువా న్యూగినీ నేర్పిన పాఠం

నిరోధకం వల్ల ప్రాణం మీదికి వచ్చిన సందర్భం కూడా ఉంది. పసిఫిక్ మహాసముద్రంలో పాపువా న్యూగినీ అనే దేశముంది. అక్కడి ఎత్తైన కొండల్లో ఉండేవారికి చిలగడదుంపే ముఖ్య ఆహారం. మాంసం ఎప్పుడో పండుగలకు మాత్రమే. పండుగ రోజున పందులను కోసి విందు చేసేవారు. ఆ విందుల తర్వాత కొందరికి, ముఖ్యంగా పిల్లలకు, భరించలేని కడుపునొప్పి, రక్తవిరేచనాలు వచ్చి, పేగు కుళ్లిపోయి చనిపోయేవారు. 1960లలో వైద్యులు దీని వెనుక ఉన్న కారణాలను వెలికితీశారు.

సరిగా ఉడకని మాంసంతో ఒక సూక్ష్మజీవి కడుపులోకి వెళ్లి విషం చిమ్ముతుంది. మామూలుగా అయితే మన ట్రిప్సిన్ ఆ విషాన్ని ముక్కలు చేసి పనికిరాకుండా చేస్తుంది. ఏడాది పొడవునా మాంసకృత్తులు చాలని వారి పేగులో ట్రిప్సిన్ అసలే తక్కువ. ఉన్న కొద్దిపాటి ట్రిప్సిన్‌ను చిలగడదుంపలోని నిరోధకం అడ్డుకుంది. 1980లో అక్కడ ఆ విషానికి టీకా వేయడం మొదలుపెట్టాక ఈ జబ్బు బాగా తగ్గింది.

మన దగ్గర ఆ జబ్బు వస్తుందని భయపెట్టడానికి ఇది రాయడం లేదు. ట్రిప్సిన్ అన్నం అరిగించడమే కాదు, పేగుకు కాపలా కూడా కాస్తుందని తెలియడానికి రాస్తున్నాం. చిలగడదుంప మంచి ఆహారం. దాన్ని లోపలిదాకా ఉడికించి, పప్పుతోనో గుడ్డుతోనో కలిపి పెట్టాలి.

ఆ కొండల్లో పిల్లల కడుపులోని ఏలికపాములను కూడా వైద్యులు అనుమానించారు. ఈ పాములు మన పేగులో ఉంటూ తాము అరిగిపోకుండా ఉండేందుకు సొంతంగా ట్రిప్సిన్ నిరోధకాన్ని తయారుచేసుకుంటాయి. కడుపునిండా పాములున్న బిడ్డకు పప్పు పెట్టినా పట్టకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ప్రభుత్వం 2015 నుంచి ఫిబ్రవరి 10వ తేదీన జాతీయ నులిపురుగుల నివారణ దినం నిర్వహిస్తోంది. 1 నుంచి 19 ఏళ్లవారికి ఆల్బెండజోల్ మాత్ర ఉచితంగా ఇస్తారు. రెండేళ్ల లోపు వారికి సగం మాత్ర పొడిచేసి నీళ్లలో కలిపి వేస్తారు. అంగన్‌వాడీలోగాని బడిలోగాని ఆ మాత్ర తప్పక వేయించండి.

పచ్చిగుడ్డు బలమా?

గింజ మొక్కకు బిడ్డయితే గుడ్డు పక్షికి బిడ్డ. గుడ్డు తెల్లసొనలో కూడా ట్రిప్సిన్ నిరోధకం ఉంది. నీరసంగా ఉన్నవారికి, క్షయ మందులు వాడేవారికి పచ్చిగుడ్డు తాగిస్తే బలమని మన ప్రాంతంలో ఒక నమ్మకం. 1998లో బెల్జియం దేశంలో దీన్ని కొలిచి చూశారు. ఉడికిన గుడ్డులోని మాంసకృత్తుల్లో 91 శాతం అరిగితే, పచ్చిగుడ్డులో 51 శాతమే అరిగాయి. అంటే పచ్చిగుడ్డు తాగితే దాదాపు సగం వృథా. పైగా పచ్చిగుడ్డుతో విరేచనాలు కలిగించే సూక్ష్మజీవులు వచ్చే భయం ఉంది. గుడ్డును ఉడకబెట్టే తినండి.

నిరోధకం ఎప్పుడూ చెడ్డదేనా?

కాదు. మన క్లోమంలో కూడా ట్రిప్సిన్ నిరోధకం ఒకటి ఉంది. ట్రిప్సిన్ పేగులోకి చేరకముందే, క్లోమంలోనే మేలుకుంటే క్లోమాన్నే కరిగించేస్తుంది. అలా జరగకుండా ఆ నిరోధకం కాపాడుతుంది. దీన్ని తయారుచేసే జన్యువులో లోపం ఉన్నవారికి క్లోమం జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. మన దేశంలో కనిపించే ఒక రకం క్లోమం జబ్బులో, క్లోమంలో రాళ్లు చేరి, నొప్పి వచ్చి, కొందరికి మధుమేహం కూడా వస్తుంది. ఈ జబ్బుకు ఆ జన్యువుతో సంబంధం ఉందని హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2002లో తెలిపారు. పైకడుపులో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి మాటిమాటికీ వస్తుంటే గ్యాసు నొప్పి అని ఊరుకోకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

గింజల నిరోధకాలు క్యాన్సరును ఆపగలవేమోనని కూడా చూశారు. ఉత్తరాంధ్రలో కొందరు, ముఖ్యంగా స్త్రీలు, చుట్ట నిప్పును నోటిలోపలికి పెట్టి అడ్డపొగ తాగుతారు. పొగ తాగేవారికి, పొగాకు నమిలేవారికి నోట్లో తెల్లమచ్చలు రావడం, కొందరిలో అవి క్యాన్సరుగా మారడం మనకు తెలిసినదే. అమెరికాలో ఇలాంటి తెల్లమచ్చలున్నవారికి సోయాలోని బౌమన్-బిర్క్ నిరోధకాన్ని ఇచ్చారు. 2000లో వెలువడిన మొదటి చిన్న పరీక్షలో ఆశ కనిపించింది. ఉత్తుత్తి మందుతో పోల్చి చేసిన తర్వాతి పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. కాబట్టి ఈ పేరుతో ఎవరైనా పొడులు అమ్మితే కొనవద్దు. నోట్లో తెల్లమచ్చకు మొదటి వైద్యం చుట్ట మానడం, వెంటనే చూపించుకోవడం.

ఇంట్లో చేయవలసినవి

1. ఎండు గింజలను రాత్రి నానబెట్టండి. రాజ్‌మా, ఉలవలు, బొబ్బర్లు 8 నుంచి 12 గంటలు నానాలి. నానిన గింజ సగం పని అయిపోయినట్లే. కట్టెలు కూడా కలిసివస్తాయి.

2. నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోయండి. కొంత నిరోధకం ఆ నీళ్లతో పోతుంది.

3. రాజ్‌మాను తెర్లే నీళ్లలో కనీసం 30 నిమిషాలు మరిగించి, తర్వాత మెత్తబడేవరకు ఉడకనివ్వండి.

4. గడియారం లేకపోతే వేళ్లే కొలత. గింజను రెండు వేళ్ల మధ్య నలిపితే లోపల పలుకు తగలకూడదు. ఒకటి కాదు, నాలుగైదు గింజలు చూడండి.

5. చింతపండు, టమాటా పప్పు ఉడికిన తర్వాతే వేయండి. పులుపు ముందే పడితే గింజ బిరుసెక్కుతుంది.

6. త్వరగా ఉడకాలని వంటసోడా వేయవద్దు. దానివల్ల బి1 విటమిన్ నష్టమవుతుంది.

7. పాతబడిన గింజలు ఎంత ఉడికినా గట్టిగానే ఉంటాయి. పిల్లలకు కొత్త పంట గింజలు ఉంచండి.

8. మొలకలు మంచివే. అయినా మొలకెత్తడంతో నిరోధకం పూర్తిగా పోదు. చిన్నపిల్లలకు ఆవిరి మీద ఉడికించి మెదిపి పెట్టండి. రాజ్‌మా మొలకలు పచ్చిగా ఎవరూ తినకూడదు.

9. ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతోపాటు మెత్తని పప్పన్నం మొదలుపెట్టండి. పప్పు కట్టు ఒక్కటే పోయవద్దు. అడుగున ఉన్న పప్పును మెదిపి, చెంచా నూనె కలిపి పెట్టండి.

ఇలా చేసిన తర్వాత కూడా నిరోధకం కొద్దిగా మిగలవచ్చు. దానివల్ల హాని లేదు.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

పప్పు ఎంత బాగా ఉడికించినా కొందరు పిల్లలకు అది ఒక్కటే చాలదు. 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉన్నా, రెండు పాదాలకూ నీరు పట్టి వేలితో నొక్కితే గుంట పడుతున్నా అది తీవ్రమైన పోషకాహార లోపం. ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీలో జబ్బ కొలిచే టేపు ఉంటుంది. అడిగి కొలిపించండి. అటువంటి బిడ్డకు ఇంట్లో బలవంతంగా ఎక్కువ తినిపించకూడదు. వెంటనే తీసుకురండి.

మిగిలిన తల్లులకు మేము చెప్పేది ఇంతే. ఈ రాత్రి పడుకునే ముందు ఒక గుప్పెడు గింజలు ఎక్కువగా నానబెట్టండి. రేపు పొద్దున కుండ దించే ముందు నాలుగు గింజలు నలిపి చూడండి. పలుకు తగిలితే ఇంకో రెండు కట్టెలు పొయ్యిలో పెట్టండి. ఆ రెండు కట్టెలు మీ బిడ్డ ఒంటికి పట్టే మాంసకృత్తుల కోసం.